రెండో రకమై ఉంటే

అశోక్‌నగర్, హైదరాబాద్,
జూలై 14.

దివ్య నాన్నకు,

చంద్రిక నమస్కారాలు. ఉత్తరం చూసి కంగారు పడకండి. ఇవి ఫోన్‌లో చెప్పుకునే మాటలు కావు. ఈ హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం. చదువు పాడవుతుందని పెద్ద ఫోన్ నేనే ఇంట్లో వదిలి వచ్చాను. ఈ బటన్ల ఫోన్‌లో అవతలి మనిషి మాట కూడా గదంతా వినిపిస్తుంది. మీ ఫోనేమో సాయంత్రమైతే దివ్య చేతిలో ఉంటుంది. అందుకే కొట్టు అడ్రసుకు పంపుతున్నాను. మీరొక్కరే ఉన్నప్పుడు చదవండి.

దివ్యను బడిలో చేర్పించి ఇక్కడికి తిరిగొచ్చిన వారానికి నాకు జ్వరం తగిలింది. గజ్జల్లో బిళ్లలు కట్టాయి. తర్వాత, రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, చెప్పుకోలేని చోట నీటి పొక్కులు లేచి పగిలాయి. మూత్రానికి వెళ్లాలంటే భయమేసేది. నీళ్లు తాగడం మానేశాను. బాత్రూములో కుళాయి పూర్తిగా తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని. మా గదిలో ఉండే సంజన, "వేడి జేసిందక్కా, సబ్జా గింజలు నానబెట్టుకొని తాగు" అని తనే తెచ్చిచ్చింది. అది వేడి కాదని నాకు అర్థమవుతూనే ఉంది. చివరికి నారాయణగూడలో కుసుమ గారని ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆమె చూసి, చేతులు కడుక్కొని వచ్చి కూర్చుని, "పెళ్లయిందా అమ్మా?" అని అడిగారు. అయిందన్నాను. "ఇది హెర్పిస్. కలయిక వల్ల వచ్చేది. చాలామందికి ఉంటుంది, ఉన్నట్టు వాళ్లకే తెలియదు. పుండ్లు మానిపోతాయి. క్రిమి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. మళ్లీ ఎప్పుడైనా రావచ్చు, రాకపోనూవచ్చు" అన్నారు. ఎప్పుడు వచ్చిందండీ అని అడిగితే, "అది నేను చెప్పలేను. నిన్నగాక మొన్న అంటుకొని ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఒంట్లో పడి ఉండి ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. మీ ఆయన్ని కూడా ఒకసారి డాక్టరుకు చూపించుకోమను" అన్నారు. దీనిలో రెండు రకాలున్నాయట. నేను వెళ్లేసరికి పుండ్లు ఎండుతున్నాయి కాబట్టి ఏ రకమో తేల్చే పరీక్ష కుదరదన్నారు. మందు రెంటికీ ఒకటే. మిగతా పెద్ద రోగాలకు రక్తం పరీక్ష చేయించారు, ఏమీ లేవు.

మందు వాడుతున్నాను. నొప్పి తగ్గింది. సుఖవ్యాధి అంటారు కదా దీన్ని. ఆ పేరు పెట్టినవాడికి ఇది వచ్చి ఉండదు.

దాచి ఉంచితే నాకే బరువని రాశాను. మీరేమనుకుంటున్నారో రాయండి. దివ్యకు రోజూ తల దువ్వమని అత్తమ్మకు చెప్పండి, పేలు పడుతున్నాయి.

మీ
చంద్రిక


కల్వకుర్తి,
జూలై 23.

చంద్రికకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. వానలు మొహం చాటేశాయి. బోర్లలో నీళ్లు లేకున్నా రైతులు మోటార్లు ఆపడం లేదు, కాలిపోయిన మోటార్లు కొట్టు ముందు గుట్టగా పడి ఉన్నాయి. రోజంతా తీగ చుట్టడమే సరిపోతోంది. దివ్య బడికి ఏడవకుండా పోతోంది. ముందు పన్ను ఒకటి ఊడింది. అమ్మ దాన్ని ఇంటి కప్పు మీద వేయించింది.

నువ్వు రాసిన సంగతి చదివాను. ఆ డాక్టరు సరిగ్గా చూసిందో లేదో. హాస్టల్‌లో అంతమంది ఒకటే బాత్రూము వాడతారు కదా, అక్కడ అంటుకొని ఉంటుందేమో. ఇంకొకరికి చూపిస్తే మంచిది. తువ్వాళ్లు వేరుగా పెట్టుకో.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇంద్రసేన


అశోక్‌నగర్,
ఆగస్టు 2.

దివ్య నాన్నకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బాత్రూము అని మీరు రాసిన చోట ఆగిపోయాను. అవును, అక్కడే అంటుకుంది అని రాసేస్తే ఈ సంగతి ఇంతటితో అయిపోయేది. మీకూ హాయి, నాకూ హాయి. రాయలేకపోతున్నాను. మొన్న డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు అదే అడిగాను. "బాత్రూముల వల్ల, తువ్వాళ్ల వల్ల రాదమ్మా. ఒంటికి ఒళ్లు తగిలితేనే వస్తుంది. అందరూ బాత్రూము మీదే పెడతారు, పాపం" అన్నారు.

నాకు తెలిసిన ఒళ్లు ఒక్కటే. అది మీకు తెలుసనే అనుకుంటున్నాను.

మీరు డాక్టరు దగ్గరికి వెళ్లారా? ఆ మాటే రాయలేదు. నేను ఇది మీ మీద నింద వేయడానికి రాయడం లేదు. ఏళ్ల కిందటిది కూడా కావచ్చని డాక్టరే అన్నారు. మన పెళ్లికి ముందటి మీ జీవితం గురించి నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు. మీకు ఉందో లేదో తెలిస్తే జాగ్రత్తగా ఉండొచ్చు, అంతే.

చదువు సాగుతోంది. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి పోతే లోపల చోటు దొరకదు. బయట చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, ఒళ్లో అట్ట పెట్టుకొని చదువుకుంటాం. భూగోళం రాము చెప్తున్నాడు, ఎకానమీ నేను చెప్తున్నాను. అలసటగా ఉంటోంది. జ్వరం వల్ల వచ్చిన నీరసమో, మరేదో.

మీ
చంద్రిక


కల్వకుర్తి,
ఆగస్టు 11.

చంద్రిక,

నాకే రోగమూ లేదు. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. ఏమీ లేనివాడు డాక్టరు దగ్గరికి పోయి ఏమని చెప్పాలి? ఈ ఊళ్లో ఆ గడప ఎక్కితే సాయంత్రానికి బస్టాండు దాకా తెలుస్తుంది.

నాకు లేనిది నీకు ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రశ్న నేను అడగకుండా ఉందామనే చూశాను. బాత్రూము అని రాస్తే నమ్మి ఊరుకునేవాణ్ణి. నువ్వే కాదన్నావు.

పక్కపక్కన కుర్చీలేసుకొని పొద్దంతా చదువుకుంటున్నారు. భూగోళం రాము చెప్తున్నాడు. ఇంటికి రమ్మంటే పరీక్ష అంటావు. రెండేండ్ల నుంచి పరీక్షే. ఊళ్లో వాళ్లు ఎన్నన్నా, "మా ఆమె ఆఫీసరయితది" అని చెప్పి తిరిగాను. అమ్మ పిల్లను చూసుకుంటూ వంట చేసుకుంటూ నడుము విరగ్గొట్టుకుంటోంది.

చదువు చాలు. సామాన్లు సర్దుకొని వచ్చెయ్.

ఇంద్రసేన


అశోక్‌నగర్,
ఆగస్టు 20.

ఇంద్రసేన గారికి,

రాము మీ స్నేహితుడి తమ్ముడు. "మా చంద్రికను జర చూసుకో తమ్మీ, కొత్త జాగ" అని అతన్ని నాకు పరిచయం చేసింది మీరే. గాంధీనగర్‌లో ముగ్గురితో కలిసి గది కిరాయికి తీసుకొని ఉంటాడు. నన్ను అక్కా అంటాడు. ఇంతకంటే నేను రాయను. రాసేకొద్దీ నేనేదో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు ఉంటుంది.

నేను హాస్టల్‌కు రాకముందు, రాణిగంజ్‌లో తీగ కొనడానికి వచ్చి బస్సు తప్పి లాడ్జిలో ఉండిపోయిన రాత్రులు మీకూ ఉన్నాయి. నేనూ అడగొచ్చు. మందు వేసుకుంటూ పడుకున్న ఆ వారమంతా నా మనసులో తిరిగింది అదే. అయినా మొదటి ఉత్తరంలో ఆ మాట రాయలేదు, రెండో దాంట్లోనూ రాయలేదు. అడిగితే మన మధ్య ఇంకేమీ మిగలదని భయపడ్డాను. మీకు ఆ భయం లేకపోయింది.

డిసెంబరులో పరీక్ష. రాసేదాకా రాను. తర్వాత ఏం చేయాలో నాకూ తెలియదు.

దివ్యతో ఆదివారం ఆదివారం మాట్లాడతాను. ఆ టైములో ఫోన్ దాని చేతికివ్వండి. మీతో మాట్లాడేదేమీ లేదు.

చంద్రిక


కల్వకుర్తి,
సెప్టెంబరు 28.

చంద్రికకు,

నెల దాటింది ఉత్తరం రాసి. చాలాసార్లు మొదలుపెట్టాను. ఇవాళ కొట్టు మూసి, మోటార్ల నడుమ కూర్చొని రాస్తున్నాను.

ముందు అమ్మ సంగతి చెప్పాలి. వినాయక చవితి రోజు నువ్వు దివ్యతో మాట్లాడి పెట్టేశావు. అమ్మ బియ్యం చెరుగుతూ, "ఏందిరా, కోడలు నీతోని మాట్లాడకనే పెట్టేస్తున్నది?" అన్నది. ఏమీ లేదన్నాను. వదల్లేదు. ఆఖరికి కోపంలో చెప్పేశాను. ఆమెకు ఇలాంటి రోగం వచ్చింది, నాకు లేదు, మరి ఎట్ల వచ్చిందో నువ్వే చెప్పమ్మా అన్నాను. అమ్మ నిన్ను తిడుతుందనుకున్నాను. తిడితే నాకు బలం వస్తుందనుకున్నానేమో కూడా.

అమ్మ చాట కింద పెట్టింది. తర్వాత అన్నది:

"మీ నాయిన బొంబాయి పనికి పోయొచ్చినంక నాకు గిట్లనే అయింది. మంట, పుండ్లు. మీ నాయినమ్మకు జెప్పుకుంటే నా నడత మంచిగ లేదన్నది. బొంబాయి పోయొచ్చినోన్ని ఎవలు అడగలె. యాపాకు నీళ్లు పోసుకొని చేన్ల పనికి పోయిన. గిన్నేండ్లకు నోట్లకెల్లి ఈ మాట తీసిన."

చాట మళ్లీ ఒళ్లోకి తీసుకొని అమ్మే అన్నది:

"తప్పు జేసినామె అయితే మందు మింగి ఊకుంటది గదరా. మొగనికి ఉత్తరం రాసి జెప్తదా? నువ్వు ఏం జేసినవ్? మీ నాయినమ్మ అన్న మాటే అన్నవ్. దవాఖానకు పో, ముందు."

ఆ తర్వాత అమ్మ నాతో కొన్నాళ్లు సరిగ్గా మాట్లాడలేదు. అన్నం పెట్టేది, అంతే.

రాణిగంజ్‌కు తీగ కోసం వచ్చిన రోజు నారాయణగూడలో దిగి ఆ డాక్టరును వెతుక్కుంటూ పోయాను. బోర్డు మీద 'చర్మ, సుఖవ్యాధుల నిపుణురాలు' అని పెద్ద అక్షరాలు. తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని పక్కనున్న చెప్పుల షాపు ముందు కాసేపు నిలబడి, జనం పల్చబడ్డాక మెట్లెక్కాను. నువ్వు కూడా ఇట్లాగే ఎక్కి ఉంటావు, జ్వరంతో, ఒక్కదానివే. అది అప్పుడు తోచింది.

నీ పేరు చెప్పాను. ఆమె చేయి అడ్డం పెట్టింది. "ఆవిడ గురించి నేను ఒక్క మాట మాట్లాడనండీ. ఆవిడ నా దగ్గరికి వచ్చారో లేదో కూడా చెప్పను. మీ గురించి అడగండి, చెప్తాను."

నాకేమీ లేదు మేడం అన్నాను. "కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు. సరే, పెదాల మీద ఎప్పుడైనా పొక్కులు వస్తాయా?"

"ఎండ దెబ్బకు వస్తయి మేడం, జ్వరమొచ్చినప్పుడు కూడ. చిన్నప్పటిసంది. సాలెపురుగు పాకిందంటరు మా తాన."

"సాలెపురుగు కాదండీ. అదే హెర్పిస్. మొదటి రకం. ఎక్కువమందికి పసితనంలోనే అంటుకుంటుంది, ఇంట్లో వాళ్లు ముద్దులు పెడితే. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ పొక్కులున్న పెదవి భార్యకు ఎక్కడ తగిలితే అక్కడ లేస్తుంది. ఒక్కోసారి పొక్కు కనిపించకపోయినా అంటుకుంటుంది. మీరు వేరే ఎక్కడికీ పోనక్కర్లేదు, ఆవిడా పోనక్కర్లేదు."

చెవులు వేడెక్కాయి నాకు. జూన్ చివర నువ్వు ఇంటికొచ్చినప్పుడు నా పెదవి పగిలి ఉంది. నువ్వే వెన్న రాశావు. ఎన్ని రోజుల తర్వాతో వచ్చావు. ఆ రాత్రులు మనిద్దరికీ గుర్తే. ఇంకేం రాయాలి?

అయితే నా నుంచే వచ్చిందా అని అడిగితే, "కావచ్చు. రెండో రకం మామూలుగా పెదవి నుంచి రాదు, ఏ రకమో తెలియనిదే అంతకంటే చెప్పలేను. తెలిసినా ఎవరి నుంచి అనేది ఏ పరీక్షా చెప్పదు" అన్నది. పెదవి మీద పొక్కున్నప్పుడు పిల్లలను కూడా ముద్దు పెట్టుకోవద్దన్నది. మొన్న పెదవి చిటచిటలాడితే దివ్య దగ్గరికొస్తే మొహం తిప్పుకున్నాను. "నీ నోట్లె పురుగు ఉన్నదా నాయినా?" అని అడిగింది. ఉన్నది బిడ్డా అన్నాను.

ఆ రోజు నడుచుకుంటూ చిక్కడపల్లి వచ్చాను. నువ్వు లైబ్రరీ బయట చెట్టు కింద ఉన్నావు. పుస్తకం ఒళ్లో పెట్టుకొని కళ్లు మూసుకొని కూర్చున్నావు. చిక్కిపోయావు. అవతలి పక్కన నిలబడి చూశాను. నీ దగ్గరికి వచ్చి ఏమనాలో తెలియలేదు. బస్సెక్కి వచ్చేశాను.

నేను అన్న మాటలకు క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. బతుకమ్మకు రా. దివ్య అడుగుతోంది.

ఇంద్రసేన


అశోక్‌నగర్,
అక్టోబరు 19.

దివ్య నాన్నకు,

బతుకమ్మకు రాలేదు. కారణం చదువు అని దివ్యకు చెప్పాను. అసలు కారణం మళ్లీ పొక్కులు లేవడం. ఈసారి జ్వరం లేదు, నొప్పీ తక్కువే. అశోక్‌నగర్ సందుల్లో ఆడపిల్లలంతా పూలు పేర్చుకుంటుంటే నేను నారాయణగూడ పోయాను. ఈసారి తొందరగా వచ్చావు, మంచిదైంది అని డాక్టరు గారు పుండు నుంచి నమూనా తీసి పంపారు. ఫలితం వచ్చింది. మొదటి రకం.

సంజన చూసి ఏమైందక్కా అని అడిగితే, ఈసారి దాచే ఓపిక లేక చెప్పేశాను. ఆ పిల్ల "మా పెద్దమ్మకు కూడ గట్లనే ఉండె. ఎవరు చెప్పుకోలె" అని, నా బకెట్టు కూడా తనే మోసింది.

మీ ఉత్తరం చదివి అత్తమ్మ కోసం ఏడ్చాను. నా కోసం ఏడుపు రాలేదు. మీరు డాక్టరు దగ్గరికి వెళ్లినందుకు సంతోషించాలి. ఫలితం వచ్చినందుకూ సంతోషించాలి. రెండు రోజులు సంతోషం కోసం ఎదురుచూశాను. రాలేదు. ఎందుకో చెప్తాను, కోపంతో కాదు, నిజంగా అలసిపోయి చెప్తున్నాను.

మొదటి రకం అని కాగితం మీద ఉంది. అది మీ పెదవి నుంచి వచ్చిందని దాని మీద లేదు. పెదవులు అందరికీ ఉంటాయి. మీరు ఆగస్టులో ఆలోచించినట్టే ఆలోచిస్తే, ఈ కాగితం కూడా నన్ను కాపాడదు. మీరిప్పుడు నమ్ముతున్నది నన్ను కాదు. మీకు మీ పెదవి గుర్తొచ్చింది, అంతే. మీ ఉత్తరంలో నేను నిర్దోషినన్న మాట నాకు కనిపించలేదు, మీ తప్పు తేలిందన్న మాటే కనిపించింది. రెండూ ఒకటి కావు.

అందుకే ఒకటి అడుగుతున్నాను. ఇది రెండో రకమై ఉంటే? ఎక్కడినుంచి వచ్చిందో మీకూ నాకూ ఎప్పటికీ తెలియనిదై ఉంటే? ఏళ్ల కిందట ఎవరి ఒంట్లోనో పడుకొని ఉండి ఇప్పుడు లేచిందని డాక్టరు చెప్తే? అప్పుడు నన్ను నమ్మేవారా? తొందర లేదు. ఆలోచించి రాయండి.

ఇంకొకటి. మీ పెద్ద ఉత్తరంలో అన్నీ రాశారు, రాము సంగతి ఒక్కటి రాయలేదు. ఆగస్టు నుంచి అతను మా కుర్చీల దగ్గరికి రావడం మానేశాడు. ఎదురైతే తల దించుకొని పోయేవాడు. భూగోళం నోట్సు సగంలో ఆగిపోయింది. నేనేదో అన్నానేమో, నొచ్చుకున్నాడేమోనని రెండు నెలలు బాధపడ్డాను. మొన్న ఆపి అడిగితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఇంద్రసేనన్న ఫోన్ జేసిండక్కా. నీ దిక్కు చూస్తే కాళ్లు ఇరగ్గొడ్త అన్నడు. నేనేం జేసిన?" అన్నాడు. ఏం చెప్పను అతనికి?

రోడ్డు అవతల దాకా వచ్చి వెళ్లిపోయారట. చిక్కడపల్లి రోడ్డు అంత వెడల్పేమీ కాదు.

చంద్రిక


కల్వకుర్తి,
నవంబరు 9.

చంద్రికకు,

రాము గదికి పోయి వచ్చాను. గాంధీనగర్‌లో మూడో అంతస్తు మీద రేకుల గది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, భయపడ్డాడు. తప్పయింది తమ్మీ అన్నాను. ఫోన్‌లో ఆ రోజు అట్లా ఎందుకు బెదిరించానో మాత్రం చెప్పలేదు, అది నీ సంగతి కాబట్టి. అతను టీ తెప్పించాడు గాని నా మొహం చూడలేదు. అక్కకు నోట్సు ఇయ్యి, ఆమెది ఏ తప్పూ లేదు అంటే, "గది నాకు ముందే ఎర్కనే అన్నా" అన్నాడు. ఆ ఫోన్ సంగతి నీకు రాయకపోవడం మరిచిపోయి కాదు. రాస్తే నా మీద నీకు మిగిలింది కూడా పోతుందని.

నీ ప్రశ్నకు జవాబు. మొదట ఒక కాగితం మీద, ఏ రకమైనా నిన్ను నమ్మేవాణ్ణి అని రాశాను. చదువుకుంటే నాకే నోట్లో చేదుగా అనిపించింది. చింపేశాను. ఇంకోసారి, అమ్మ చెప్పాక నమ్మేవాణ్ణి అని రాశాను. అదీ నిజం కాదు. అమ్మ చెప్పాక నేను దవాఖానకు పోయింది నిన్ను నమ్మి కాదు, అమ్మ ముందు తలెత్తుకోలేక.

నమ్మేవాణ్ణి కాదు చంద్రికా. రెండో రకమై ఉంటే నమ్మేవాణ్ణి కాదు. నిన్ను ఇంటికి తెచ్చుకొని పక్కనే పెట్టుకొని, రోజూ మనసులో అడుగుతూ బతికేవాణ్ణి. నువ్వు ఏం చెప్పినా చాలేది కాదు. మా నాయినమ్మ మా అమ్మతో ఎట్లున్నదో అట్ల ఉండేవాణ్ణి.

ఇది రాస్తే నువ్వు రావని తెలుసు. ఇంతవరకు రాసి రెండు రోజులు జేబులో పెట్టుకొని తిరిగాను. కాని నువ్వు ఆగస్టులో బాత్రూము అని రాసి తప్పించుకోలేదు. ఆ మాట నన్ను పడుకోనివ్వడం లేదు. నేను కూడా తప్పించుకోవద్దనుకున్నాను.

పరీక్ష బాగా రాయి. ఈ ఉత్తరానికి జవాబు ఇప్పుడు రాయకు. చదువుకో. పిల్ల బాగుంది. అమ్మ రోజూ పేలు తీస్తోంది.

ఇంద్రసేన


అశోక్‌నగర్,
డిసెంబరు 17.

దివ్య నాన్నకు,

పరీక్ష అయిపోయింది. ఎలా రాశానో అడగకండి, నాకే తెలియదు. మధ్యాహ్నం పేపరులో ఒక చోట చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. తర్వాత మళ్లీ మొదలుపెట్టాను. భూగోళం బాగానే వచ్చింది. రాము నోట్సు పూర్తిగా ఇచ్చాడు. బయటికొచ్చాక అందరం మిరపకాయ బజ్జీలు తిన్నాం.

మీ ఉత్తరం వచ్చిన రోజు చదివి మడిచి పెట్టేశాను. మీరు చెప్పినట్టే జవాబు రాయలేదు. మీరు చెప్పారని కాదు, నా దగ్గర జవాబు లేక.

నమ్మేవాణ్ణి కాదని రాశారు. ఆ రాత్రే అనుకున్నాను, ఇక పోను, దివ్యను తెచ్చుకుంటాను, ఇక్కడే కోచింగ్‌లో పాఠాలు చెప్పుకొని బతుకుతానని. సంజనతో అంటే ఆ పిల్ల, "ఆయన అబద్ధం రాస్తే పోతుంటివా అక్కా?" అని అడిగింది. పోతుంటినేమో. పోయి, నమ్మి, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ ఆ ఆగస్టు లాంటి నెల వస్తే అప్పుడు తెలిసేది. ఇప్పుడే తెలిసింది. అది మంచిదో చెడ్డదో తేల్చుకునే శక్తి ఇప్పుడు నాకు లేదు.

నిజం చెప్తే చాలు, అన్నీ సర్దుకుంటాయని నేను అనుకోవడం లేదు. మిమ్మల్ని క్షమించానని రాయడం లేదు. అలా రాస్తే మీ మొదటి కాగితం లాంటిదే అవుతుంది, నేనూ చింపేయాల్సి వస్తుంది.

వస్తున్నాను. శనివారం పొద్దున బస్సుకు. ముందు నెల రోజులుంటాను. ఫలితాలు రావడానికి ఎంతకాలం పడుతుందో ఎవరికీ తెలియదు. ఉండగలిగితే ఉంటాను, లేకపోతే దివ్యను తీసుకొని ఇక్కడికి వస్తాను. అప్పుడు నన్ను ఆపనని మాట ఇవ్వండి. అత్తమ్మకు కూడా ఈ మాట చెప్పండి, ఆమె అర్థం చేసుకుంటుంది. ఆమెను ఒకసారి డాక్టరుకు చూపించాలి. ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను అడగలేదు, నేను అడుగుతాను.

నా పక్క దివ్య పక్కన వేయండి. మీ పెదవి చిటచిటలాడితే పొక్కు లేవకముందే నాకు చెప్పండి. నాకు లేస్తే నేను చెప్తాను. తలుపులేసి గుసగుసగా చెప్పక్కర్లేదు, జలుబు చేసిందన్నట్టు చెప్పండి. దీని గురించి ఇంకా సిగ్గుపడే ఓపిక నాకు లేదు.

రెండు సంచుల నిండా పుస్తకాలున్నాయి. మోయలేను. బస్టాండుకు రండి.

చంద్రిక